ఇరవై ఎనిమిది డిగ్రీల ఫ్రిజ్

జెద్దాకు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు రూఢిగా తెలుసనుకునేవాణ్ణి. ఒకటి, నేను ధైర్యవంతుణ్ణి. రెండు, మా బావ పిరికివాడు. ఈ రెండూ ఊళ్లోనే తేలిపోయాయని నా నమ్మకం. జగిత్యాల వైపు మక్కచేలల్లో తిరిగి పెరిగినవాణ్ణి కదా, పాము కనబడితే కట్టె పట్టుకొని ముందుకు పోవడమే తప్ప వెనక్కి తగ్గడం తెలియదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి (నిజానికి కట్టె ఎప్పుడూ పక్కవాడి చేతిలోనే ఉండేది, నేను వెనకనుంచి దారి చూపించేవాణ్ణి, ఆ వయసులో ఇలాంటి తేడాలు పెద్దగా లెక్కలోకి రావు). మా బావ, అంటే మా అక్క భర్త, పెళ్లైన కొత్తలో మా ఇంటికొచ్చి, చీకట్లో పడి ఉన్న చేంతాడును తొక్కి, ఎగిరి నీళ్ల గోలెంలో పడ్డ మనిషి. కొత్తల్లుణ్ణి గోలెంలోంచి బయటికి లాగిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ తర్వాత ఆయన ఎంత పెద్ద మెకానిక్ అయినా, నాకు వీసా తీసి సౌదీకి పిలిపించుకున్నా, నా కళ్లకు మాత్రం తడిసిన పంచెతో నిలబడ్డ ఆ మనిషే కనబడేవాడు.

జెద్దా పాతపట్నం బలద్‌లో చెక్క కిటికీల పాత ఇళ్ల వెనక ఒక గల్లీలో బావ ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న దుకాణం నడిపేవాడు. కాగితాల మీద దుకాణం కఫీల్‌ది, అంటే మాకు పూచీ పడ్డ సౌదీ యజమానిది, చెమట బావది. బయట వరుసగా చచ్చిన ఫ్రిజ్‌లు, లోపల బతికించాల్సిన ఫ్రిజ్‌లు. బావ మహా మాటకారి. మనుషులు దొరక్కపోతే కంప్రెసర్‌తో మాట్లాడేవాడు. "ఏమైందిరా నీకు, నిన్నటిదాకా మంచిగనే ఉంటివి" అని దాని మీద చెయ్యి వేసి బుజ్జగించేవాడు. తనకు తెలియని విషయం లేదని ఆయన గట్టి అభిప్రాయం. ఎవరు ఏ సంగతి ఎత్తినా ముందు ఆయన అభిప్రాయం బయటికి వచ్చేది, తర్వాత ఆ సంగతి ఏమిటో కనుక్కునేవాడు.

ఇలాంటి బావ నోరు మూసుకొని చేతులు కట్టుకొని నిలబడే మనిషి ఒకాయన ఉండేవాడు. స్థానికుడు, బడిలో పాఠాలు చెప్పేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, మేమూ అంతే. బావకు ఆయన మీద ఉన్న గౌరవం వెనక ఒక కథ ఉంది. నేను రాకముందు, ఊళ్లో బావ తండ్రి పోయారు. ఖురూజ్ అవుదా, అంటే పోయి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, చేతిలో లేదు. కఫీల్ ఎక్కడో ప్రయాణంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. ఆ పొద్దున ఏసీ సర్వీసు కోసం ఉస్తాద్ ఇంటికి వెళ్లిన బావ, పనిముట్లు కింద పెట్టి మెట్ల మీద కూర్చుండిపోయాడట. ఉస్తాద్ బడికి సెలవు పెట్టి, బావను తన కారులో ఎక్కించుకొని, కఫీల్ తమ్ముణ్ణి వెతికి పట్టుకొని, ఆఫీసులన్నీ తిరిగి, సాయంత్రానికల్లా కాగితం చేతిలో పెట్టాడు. బావ పోయి తండ్రికి కొరివి పెట్టగలిగాడు. "ఆ మనిషి నన్ను ఒక్కటంటె ఒక్కటి అడగాలె బామ్మర్దీ, అది చేసి చూపియ్యాలె" అని ఆ తర్వాత నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఉస్తాద్ ఏసీ ఊరికే బాగుచేస్తానంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఏళ్లు గడిచినా అడిగింది లేదు, చేసింది లేదు.

చివరికి ఒక ఎండాకాలం ఉస్తాద్ అడిగాడు. అయితే ఆయన అడిగింది పాము గుడ్లు పొదిగించమని.

ఆయన డాబా మీద గదిలో పాముల జంట ఉండేదని మాకు అంతవరకూ తెలియదు. ఏసీ ఆ గదిలోది కాదు కాబట్టి బావ ప్రాణాలతో ఇన్నేళ్లూ ఆ ఇంటికి వెళ్లి వచ్చాడు. అవి విషం లేనివి, ఎర్రమట్టి రంగు మీద మచ్చలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయట. వాటి పేరు మక్కజొన్న పాములని ఉస్తాద్ చెబితే, మమ్మల్ని జెద్దాలో కూడా మక్కజొన్న వదిలిపెట్టలేదే అనుకున్నాను. ఆడపామును ఆయన కాలేజీ రోజుల నుంచి పెంచుకున్నాడు. మొదటిసారి జత కట్టించాడు. అది గుడ్లు పెట్టింది కానీ కొన్ని లోపలే అడ్డం పడ్డాయి. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా బతకలేదు. ఇదంతా ఆయన మామూలుగానే చెప్పాడు గానీ, చెబుతున్నంతసేపూ ఖాళీ గాజుపెట్టె అద్దాన్ని కండువా కొసతో తుడుస్తూనే ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో, డజనుకు కొంచెం అటూ ఇటూగా, తెల్లటి పొడుగాటి గుడ్లు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. పెంకు గట్టిగా లేదు, మెత్తటి తోలులా ఉంది.

ఇబ్బంది ఏమిటంటే, ఏటా బడి సెలవులు రాగానే ఉస్తాద్ తల్లిని తీసుకొని ఖమీస్ ముషైత్‌లోని మేనమామ ఇంటికి పోవాలి. జెద్దా ఉక్కపోత ఆమెకు పడదు, అక్కడ కొండల మీద చల్లగా ఉంటుంది. మగపాము ఒక డబ్బాలో ప్రయాణం చెయ్యగలదు. గుడ్లను మాత్రం కొండదారుల్లో కుదుపులతో తీసుకుపోలేం. ఇంట్లో వదిలిపెడితే ఏసీ వేస్తే మరీ చల్లన, ఆపితే మరీ వేడి. "ఇరవై ఎనిమిది డిగ్రీలు కావాలి. పైకీ పోకూడదు, కిందికీ పోకూడదు. నువ్వు తప్ప నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు" అన్నాడు ఆయన.

నేను బావ వైపు చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడకు ఆనుకొని, డబ్బాకు ఎంత దూరంలో నిలబడొచ్చో అంత దూరంలో నిలబడి ఉన్నాడు. అయినా నోటివెంట "తమామ్, మాఫీ ముష్కిలా", అంటే సరే, ఇబ్బందేమీ లేదు అన్న మాటే వచ్చింది. మెట్లు దిగాక మాత్రం నా భుజం పట్టుకొని, "తల్లి సచ్చిపోయింది గదా, ఇంక పగబట్టెటిది ఎవరూ లేరు గదరా?" అని అడిగాడు. తండ్రి ఉన్నాడు కదా బావా అన్నాను. (అనకుండా ఉండాల్సింది. ఉస్తాద్ ఖమీస్‌కు బయలుదేరేదాకా బావ మగపాము ప్రయాణం గురించి రోజూ వాకబు చేశాడు.)

ఇక ఇంక్యుబేటర్ సంగతి. పక్షుల బజారులో కోడిగుడ్లు పొదిగే యంత్రాలు బోలెడు దొరుకుతాయి. అవన్నీ వేడి చేసేవే. జెద్దాలో ఎండాకాలం వేడిని కొనుక్కోవాల్సిన ఖర్మ ఎవరికీ లేదు, మాకు కావాల్సింది చల్లబరిచే ఇంక్యుబేటర్. పైగా ఆ యంత్రాలు గుడ్లను పూటపూటకూ దొర్లిస్తాయి. కోడి కూడా అంతే, ముక్కుతో దొర్లిస్తూనే ఉంటుంది, దొర్లించకపోతే పిల్ల కాదు అని బావ తన తల్లి కోళ్లను సాక్ష్యానికి పిలిచాడు. పాముగుడ్డు పెట్టిన తీరునే ఉండాలని, తిప్పితే లోపలి పిల్ల ఊపిరాడక చచ్చిపోతుందని, అందుకే పైభాగాన పెన్సిల్‌తో గీత పెట్టానని ఉస్తాద్ ఓపికగా చెప్పాడు. బావ కాసేపు ఆలోచించి, "అంటె పామే మంచిది. ఒక్కసారి పెట్టినంక దాని జోలికి పోవుడు లేదు" అన్నాడు. పాము గురించి ఆయన నోట మంచిమాట వినడం నాకు అదే మొదటిసారి.

బావ పనితనం నేను కళ్లారా చూసింది ఆ వారంలోనే. ఎవరో వదిలేసి పోయిన ఒంటితలుపు ఫ్రిజ్‌ను కడిగి, దాని సొంత థర్మోస్టాట్‌ను తప్పించి, బయట ఒక డిజిటల్ కంట్రోలర్ పెట్టాడు. లోపల వేడి పెరిగితే కంప్రెసర్ నడుస్తుంది, చల్లదనం ఎక్కువైతే రేకు చాటున పెట్టిన చిన్న బల్బు వెలుగుతుంది. గాలి అన్నివైపులా తిరగడానికి పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఫ్యాన్. ఫ్రిజ్ కంప్రెసర్‌ను అస్తమానం ఆపి వేస్తే కాలిపోతుంది కాబట్టి మధ్యలో విరామం ఉండేట్టు అమర్చాడు. గుడ్ల డబ్బాలో ఉస్తాద్ తెచ్చిన వర్మిక్యులైట్ పోశాం. అది పూలకుండీల్లో వేసే తేలికపాటి గుల్ల. నీళ్లు కలిపి పిడికిట్లో పిండితే చుక్కా చుక్కా రాలాలి, ధార కట్టకూడదు. ఆ పిండే పని బావే చేశాడు, నాకు వదల్లేదు. ఖాళీ డబ్బా పెట్టి రాత్రీ పగలూ నడిపించి చూశాడు. అంకె కదిలితే మళ్లీ విప్పేవాడు. కంప్రెసర్ లోపల ఎక్కడో గిలకలాంటి చప్పుడు మాత్రం ఆయనకు ఎంతకీ లొంగలేదు. తెరమీద ఇరవై ఎనిమిది అంకె అంటుకుపోయినట్టు నిలబడ్డాక, నడుం మీద చేతులు పెట్టుకొని దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నేనూ చూశాను. ఇంతటి మనిషి తాడుకు భయపడతాడంటే నమ్మబుద్ధి కాలేదు. మరుక్షణం ఉస్తాద్ గుడ్లు తీసుకొచ్చాడు, బావ గల్లీ అవతలికి పోయి జ్యూస్ దుకాణం దగ్గర నిలబడి "మెల్లగ పెట్టుండ్రి" అని అక్కణ్ణుంచి కేకేశాడు. నమ్మకం మళ్లీ కుదిరింది.

ఉస్తాద్ వెళ్లిపోయాక ఇద్దరం ఆ రహస్యాన్ని కాపాడుకుంటూ వచ్చాం. దుకాణంలో పాము గుడ్లున్నాయని తెలిస్తే బలద్‌లో ఒక్కడూ మాకు ఫ్రిజ్ ఇవ్వడు. బావ పొద్దున రాగానే బండి దిగకముందే అద్దంలోంచి అంకె చూసుకునేవాడు. ఖమీస్‌కు ఫోన్ చేసి "మియా మియా" అని, అంటే నూటికి నూరు బాగున్నాయని చెప్పేవాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి డబ్బా మూత ఎత్తి చెమ్మ చూడాల్సిన రోజున ఒక చేత్తో ఫ్రిజ్‌ను, ఇంకో చేత్తో నన్ను పట్టుకునేవాడు. గుడ్లతో కూడా మాటలు మొదలుపెట్టాడు.

అలా అంతా సవ్యంగా నడుస్తుండగా చాచా ఛుట్టీ నుంచి తిరిగొచ్చాడు.

చాచాది హైదరాబాద్ పాతబస్తీ. బావకు పని నేర్పిన గురువు. బావ ఈ దేశానికి వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదని చాచా అంటాడు, కాదని బావ ఎప్పుడూ అనలేదు. గ్యాస్ ఎక్కడ కారుతోందో చెవితో విని చెప్పగల మనిషి. గల్లీ చివర ఆయన దుకాణం, మా దుకాణం తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. ఆ రోజు మేమిద్దరం ఊరవతల ఏసీ బిగించడానికి పోయాం. చాచా విమానం దిగి, సంచి గదిలో పడేసి, మాకోసం తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు పట్టుకొని నేరుగా దుకాణానికి వచ్చాడు. తాళం తీశాడు. ఎదురుగా ఒక ఫ్రిజ్. నడుస్తోంది. తెరమీద ఇరవై ఎనిమిది.

మీరే చెప్పండి. ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణంలో ఇరవై ఎనిమిది డిగ్రీల ఫ్రిజ్ కనబడితే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్ ఏమనుకుంటాడు? తలుపు తీశాడు. లోపల వెచ్చగా బల్బు వెలుగుతోంది. కింది అరలో మూతపెట్టిన మసక డబ్బాలో తెల్లగా గుడ్లు. బయట వైర్లు చిందరవందర. ఎవడో చెత్తపని చేసి మా నెత్తిన పడేసి పోయాడని, మేం పని ఒత్తిడిలో దాన్ని ముట్టుకోలేదని, ఈలోగా గిరాకీవాడి గుడ్లు మురిగిపోతున్నాయని చాచాకు అర్థమైంది. ప్రయాణం బడలిక పక్కన పెట్టి అంగీ విప్పాడు.

మేం తిరిగొచ్చేసరికి దుకాణం ముందు కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం వెలిగిపోయింది. "రా బేటా. మీ ఫ్రిజ్ మంచిగ చేసి పెట్టిన. కంపెనీ ఫిట్టింగ్ లెక్క. చూడు, నాలుగు మీద పెట్టిన. అండే ఖరాబ్ అయితయని జల్ది జల్ది చేసిన" అన్నాడు.

బావ పనిముట్ల సంచి భుజాన ఉండగానే లోపలికి నడిచి, ఫ్రిజ్ తలుపు తీసి, ఎవరినీ పట్టుకోకుండా, నన్ను పిలవకుండా, డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. లోపలి థర్మామీటర్ పన్నెండు చూపిస్తోంది. ఫ్యాన్ ఊడదీసి అరమీద బుద్ధిగా పెట్టి ఉంది, బల్బు లేదు, వైర్లన్నీ కొత్త టేపుతో కట్టలు కట్టి ముచ్చటగా గోడకు బిగించి ఉన్నాయి. బావ వాటినీ చూశాడు. కంప్రెసర్‌కు చెవి ఆనించాడు. గిలక చప్పుడు లేదు. వెనక్కి తిరిగి, "చాచా, ఆ సప్పుడు ఎట్ల బందు చేసినవ్?" అని అడిగాడు.

నాకు ఆగలేదు. అవి కోడిగుడ్లు కావు, పాము గుడ్లు, బతికున్నవి, చల్లదనం తగిలితే చస్తాయి అని మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను. చాచా కాసేపు నన్నూ బావనూ మార్చి మార్చి చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. వేళాకోళం అనుకుంటాడేమో అనుకున్నాను గానీ, బావ మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది. ఉస్తాద్ ఎవరో, ఆయన బావకు ఏం చేశాడో చాచాకు నాకంటే ముందునుంచీ తెలుసు. "నా పేరు చెప్పు. బుడ్ఢా తప్పు చేసిండని చెప్పు" అన్నాడు, తన్ను తాను చూపించుకుంటూ. ముసలివాణ్ణని తనను తాను అలా అనుకోవడం ఆయన అలవాటు.

"దుకాణం నాది చాచా. చెప్పేటిది నేనే" అన్నాడు బావ.

అప్పటికప్పుడే ఖమీస్‌కు ఫోన్ కలిపాడు. నా చేతిలో పెట్టి స్పీకర్ పెట్టమన్నాడు. నేను అయితే రేపటిదాకా ఆగేవాణ్ణి, మాటలు కూడబలుక్కునేవాణ్ణి, కరెంటు పోయిందనైనా అనేవాణ్ణి. బావ తనకొచ్చిన అరబ్బీలో, గుడ్లు చల్లబడ్డాయి, పన్నెండు దాకా దిగింది, మా దుకాణంలోనే జరిగింది అని వరుసగా చెప్పాడు. అవతల ఎక్కడో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత ఉస్తాద్ ఎట్లా జరిగిందని అడిగాడు. బావ చెప్పాడు. చాచా తలవంచుకొని వింటున్నాడు. "తలుపు తెరిచి పెట్టు. వాటంతట అవి మెల్లగా వెచ్చబడనీ, తొందరపడి వేడి చెయ్యకు. డబ్బా కదిలించకు" అన్నాడు ఉస్తాద్. మళ్లీ ఆయనే, "మీ పెద్దాయనను ఏమీ అనకు. ఆయన నీ కోసమే చేశాడు" అన్నాడు. ఆ గొంతులో దిగులు దాచినా దాగలేదు. అంత దిగులులోనూ ఎవరో ముక్కూమొహం తెలియని మెకానిక్ మనసు నొచ్చుకుంటుందేమోనని ఆలోచించిన ఆ మనిషిని నేను ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

బావ వైరింగ్ అంతా మళ్లీ తన తీరుకు మార్చాడు. గిలక చప్పుడు పోయిన కంప్రెసర్‌తో ఆ ఫ్రిజ్ మునుపటికంటే బాగా నడిచింది, ఆ మాట చాచాకు చెప్పకుండా ఉండలేకపోయాడు కూడా. గుడ్లలో ప్రాణం ఉందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. మూడు నాలుగు గుడ్లు పసుపు పట్టి, బూజెక్కి, పోయాయి. అతుక్కుని ఉన్నవాటిని విడదీయకూడదు కాబట్టి అలాగే వదిలేశాం. చాచా తన దుకాణం పని పొద్దున్నే ముగించుకొని వచ్చి మా ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. గల్లీలోని మెకానిక్‌లు ఎవరు లోపలికి తొంగిచూసి "ఇరవై ఎనిమిది చూపిస్తోంది" అన్నా, "నీకు ఎందుకు రే, నీ పని చూసుకో" అని తరిమేవాడు. పామంటే ఆయనకూ భయమే. అందుకే కాళ్లు కుర్చీ మీదికి మడిచి పెట్టుకునేవాడు.

ఈలోగా నాగుల పంచమి వచ్చింది. మా వైపు ఆ రోజు ఆడపిల్లలు పుట్టలో పాలు పోసి వచ్చి, అన్నదమ్ముల కళ్లు పాలతో కడుగుతారు. నేను ఇక్కడుంటే ఎట్లా కడుగుతుంది? అక్క వీడియో కాల్ చేసి, పువ్వును పాలలో ముంచి, ఫోన్ తెర మీద నా కళ్లను తుడిచింది. తర్వాత గుడ్లను చూపించమంది. ఆమెకు సంగతి ముందే తెలుసు, మా బావకు అక్క దగ్గర రహస్యాలు ఉండవు, ఒక్క చల్లబడ్డ సంగతి తప్ప. నేను ఫోన్ ఫ్రిజ్‌లోకి పెట్టాను. అక్క పెన్సిల్ గీతల తెల్లటి గుడ్ల మీద కూడా పువ్వు ఆనించి, బావతో "మేము పుట్టల పాలు పోస్తె నువ్వు ఏకంగ పొదుగుతున్నవ్ గదనయ్యా. మా ఇంట్ల గోలెంల పడ్డది నువ్వేనా?" అంది. బావ నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక ఫ్రిజ్ తలుపు మూసి, రబ్బరు సరిగ్గా అంటిందో లేదో చుట్టూ వేలితో తడిమి చూసుకున్నాడు.

గుడ్లు చీలి పిల్లలు రావలసిన సమయం దాటింది. ఉస్తాద్ ఫోన్‌లో అడగడం తగ్గించాడు, బావ చెప్పడమూ తగ్గించాడు. బడులు తెరిచే ముందు ఉస్తాద్ తిరుగు ప్రయాణమయ్యాడు. ఆయన దారిలో ఉన్న రోజునే, మధ్యాహ్నం, కుర్చీలో కునుకుతున్న చాచా ఉలిక్కిపడి లేచి బావను పిలిచాడు. ఒక గుడ్డు సొట్టపడింది. చచ్చిపోయిందనుకున్నాం. కాసేపటికి దాని మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక. చీలికలోంచి చిన్న ముక్కు. బయటికి చూసి మళ్లీ లోపలికి పోయింది. "జెద్దా ఎండ సూసి ఎనుకకు పోయిందిరా" అన్నాడు బావ.

ఉస్తాద్ వస్తూనే ఇంటికి పోకుండా గల్లీ మొదట్లో కారు ఆపి, తల్లిని ఏసీలో కూర్చోబెట్టి, దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులతో లోపలికి వచ్చాడు. అప్పటికి చాలా గుడ్లకు చీలికలు పడ్డాయి. ఆయన ఫ్రిజ్ ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. లాగొద్దు, వాటంతట అవే వస్తాయి అని మెల్లగా అంటున్నాడు గానీ, అది మాకు చెబుతున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు. ఇంతలో మొదటి పిల్ల, బూట్ల తాడంత సన్నగా, మట్టిరంగు మచ్చలతో, డబ్బా అంచు దాటి ఫ్రిజ్ తలుపు రబ్బరు మీదుగా బయటికి పాకింది. తల ఎత్తి, నా వైపు ఒక్కసారి ఎగిరినట్టు చేసింది.

తర్వాత నాకు తెలిసింది నేను గల్లీ అవతల జ్యూస్ దుకాణం బల్ల మీద నిలబడి ఉన్నానని. ఎట్లా వెళ్లానో తెలియదు. ఒక చెప్పు దారిలో పడి ఉంది. ధైర్యవంతుడి కథ అక్కడితో సమాప్తం. బల్ల మీంచి చూస్తే దుకాణం లోపల బావ కదలకుండా నిలబడి ఉన్నాడు. పిల్ల ఆయన చాచిన చేతిమీదికి ఎక్కి మణికట్టు చుట్టూ చుట్టుకుంటోంది. తలుపు అంచున అది కింద పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడట, చాచా తర్వాత చెప్పాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, మొహం నిండా చెమట, పెదవులు కదులుతున్నాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. ఉస్తాద్ వచ్చి నెమ్మదిగా దాన్ని విడదీసి తన అరచేతిలోకి తీసుకునేదాకా కదల్లేదు.

అప్పుడు బావ కళ్లు తెరిచి, ఉస్తాద్‌తో తడబడుతూ అన్నాడు, మా నాయన పోయిన రోజు మీరు చేసినదానికి ఇన్నాళ్లకు నేను ఏదో ఒకటి చెయ్యగలిగాను అని. ఉస్తాద్ అరచేతిలోని పిల్లమీంచి చూపు మరల్చి, ఏ రోజు అని అడిగాడు. బావ చెప్పాడు. మెట్ల మీద కూర్చోవడం, కారు, కఫీల్ తమ్ముడు, ఆఫీసులు. ఉస్తాద్ నొసలు ముడిచి నిజాయితీగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "నేనా? నాకు యాదికి రావడం లేదు. ఎవరికైనా చేసి ఉంటాను, నీకేనా?" అన్నాడు, ఏదో పొరపాటు చేసినవాడిలా సిగ్గుపడుతూ.

బావ ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వుతూనే నూనె తుడిచే గుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు, మొహమంతా నల్లమరకలు. "విన్నవా బామ్మర్దీ, ఇన్నేండ్ల సంది నేను మోస్తున్న. ఆయనకు యాదికే లేదు" అని గల్లీ అవతల బల్లమీద ఉన్న నాతో అరిచి చెప్పాడు. నేను దిగి వచ్చి చెప్పు వెతుక్కున్నాను.

బావ ఆ తర్వాత కొన్నేళ్లకు పూర్తిగా ఊరికి వెళ్లిపోయాడు. దుకాణం ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మొన్న వానాకాలంలో ఫోన్ చేశాడు. పక్కింట్లో వడ్ల బస్తాల మధ్య పాము దూరిందట, కట్టెలు పట్టుకొని జనం చేరారట. బావ వాకిట్లో అడ్డం నిలబడి, ఇది జెర్రిపోతు, విషం లేదు, ఎవరూ కొట్టొద్దని, పాములు పట్టే పిల్లగాణ్ణి పిలిపించేదాకా అక్కణ్ణుంచి జరగలేదట.  భయం పోయిందా బావా అని అడిగాను.

"భయం ఎట్ల పోతదిరా. కాళ్లు గజగజ వణికినయి. వణుకుడు వణుకుడే, నిలవడుడు నిలవడుడే" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆయన మీద కాదు. ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా జ్యూస్ దుకాణం బల్లమీద నిలబడి, తన బావ పిరికివాడని అప్పటిదాకా గట్టిగా నమ్మిన ఆ జగిత్యాల కుర్రాడి మీద. వాడు ఇప్పుడు ఎదురుపడితే ఏమీ అనను. బల్లమీంచి చెయ్యి పట్టుకొని దింపుతాను.